కర్ణసంజీవని అను శ్రోతృసూత్ర వ్యాఖ్య

అవతారిక

స్వీడన్ దేశపు పడమటి తీరాన గోథెన్‌బర్గ్ అనే రేవుపట్టణం. ఆ ఊళ్ళో 1990లో పుట్టిన ఎట్ ది గేట్స్ అనే బృందం 1995 నవంబరులో ‘స్లాటర్ ఆఫ్ ది సోల్’ అనే ఆల్బమ్‌ను లోకం మీదికి వదిలింది. పాటలు 11. నిడివి సుమారు 34 నిమిషాలు. జాతి మెలొడిక్ డెత్ మెటల్, అనగా కంఠం రౌరవంలోనూ గిటార్లు గంధర్వలోకంలోనూ ఉండే సంగీతం. దాని మీద మూడు దశాబ్దాలుగా శ్రోతలు అంటూ వచ్చిన మాటలు కొన్ని నోళ్ళలో నలిగి నలిగి సూత్రాలైపోయాయి. కర్తలెవరో తెలియదు. ఒకరన్నదాన్నే పదిమంది తామే మొదట అన్నట్టు అంటారు గనుక వీటిని అపౌరుషేయాలు అనడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇలాంటి మాటలకు టీక ఎందుకని అడిగేవారికి సమాధానం. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. తన టీకకు ఆయన సంజీవని అని పేరు పెట్టుకున్నది కాళిదాసుకు జబ్బు చేసిందని కాదు. చెడ్డ వ్యాఖ్యల విషం సోకి ఆ మహాకవి వాక్కు మూర్ఛపోయిందని. ఆయన తగాదా కవితో కాదన్నమాట, తోటి వ్యాఖ్యాతలతో. ఈ సూత్రాల కీలకమూ అక్కడే ఉంది. ఒక శ్రోత ఒక ఆల్బమ్ గురించి నోరు విప్పాడంటే, అదే ఆల్బమ్ విన్న ఇంకొక శ్రోత ఎదుట ఉన్నాడని గ్రహించాలి. ఎదుట లేకపోతే మనసులో ఉన్నాడు.

సూత్రం: స్కిప్ చేసే పాట ఒక్కటీ లేదు.

ప్రతిపదార్థం: స్కిప్ చేసే = బొటనవేలితో దాటించదగిన; పాట = గాత్రంతో కూడిన రచన; ఒక్కటీ = ఒక్కటైనను; లేదు = ఉన్నదని నా ఎదుట ఎవరూ అనరాదు.

విశేషాలు: పాటకు ‘గాత్రంతో కూడిన’ అనే విశేషణం తగిలించక తప్పింది కాదు. ఏమంటే ఇందులో ‘ఇన్‌టు ది డెడ్ స్కై’, ‘ది ఫ్లేమ్స్ ఆఫ్ ది ఎండ్’ అని వాద్యరచనలు రెండున్నాయి. రెండోది ఆల్బమ్ చిట్టచివర. అక్కడిదాకా వచ్చిన సూత్రకర్త దాన్ని పూర్తిగా విన్నాడో, మళ్ళీ మొదటి పాటకు ఎగిరాడో చెప్పగల సాక్షి లేడు. లాఘవం విషయంలో మాత్రం సూత్రానికి తిరుగులేదు. ఆ రోజుల్లో సీడీలో 74 నిమిషాలు పట్టేవి. చోటుంది కదా అని నింపలేదు, సగానికి పైగా ఖాళీగా వదిలారు. స్లేయర్ బృందం 1986లో ‘రెయిన్ ఇన్ బ్లడ్’ను సుమారు 29 నిమిషాల్లో ముగించి ఈ విషయంలో పూర్వాచార్యులైంది. 34 నిమిషాలకు పూర్తి ధర ఏమిటని సణిగే శాఖ ఒకటి ఉంది. వారిది సంగీతశాస్త్రం కాదు, అర్థశాస్త్రం, కనుక విడిచిపెడుతున్నాను.

ఛందోవిశేషం: మణికట్టు ఆగకుండా ఒకే తీగను కిందికీ పైకీ మీటే ట్రెమొలో చోట అన్నీ లఘువులే, నగణం వెనక నగణం. ఐరన్ మెయిడెన్ బృందం నుంచి ఈ ఊరి బాణీకి సంక్రమించిన దౌడు వచ్చినచోట ఒక గురువు, రెండు లఘువులు, అంటే భగణం. ఉత్పలమాల ఎత్తుకునేదీ భగణంతోనే కాబట్టి పద్యం చదివిన చెవికి ఈ గిట్టల చప్పుడు పరాయిది కాదు. స్నేర్ డ్రమ్ మీద పడే దెబ్బ యతిస్థానం. బృందపు డ్రమ్మర్ ఏడ్రియన్ ఎర్లాండ్‌సన్ యతిభంగం చేశాడని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

సూత్రం: మొదటి ఆల్బమ్ ముందు ఇదెంత!

ప్రతిపదార్థం: మొదటి = మీరు వినని; ఆల్బమ్ = నేను విన్నది; ముందు = మీకన్నా ముందే అని శ్లేష; ఇది = ఊరంతా విన్నది; ఎంత = ఎంతో ఉందని ఎరిగీ తేల్చివేసే కాకుస్వరం.

విశేషాలు: దీన్ని కేవలం డాంబికమని కొట్టివేయరాదు. ఇందులో సరుకుంది. 1992 నాటి ‘ది రెడ్ ఇన్ ది స్కై ఈజ్ అవర్స్’ విన్నవారికి తెలుస్తుంది. ఆల్ఫ్ స్వెన్సన్ అనే గిటారిస్టు అప్పుడు బృందంలో ఉన్నాడు. పాట ఒక వీధిలో ప్రవేశించి, అనుకోని సందులోకి తిరిగి, ఇంకేదో పేటలో తేలుతుంది. మధ్యలో వయొలిన్ వినిపిస్తుంది. బయలుదేరినచోటికి తిరిగి వస్తుందన్న భరోసా లేదు. 1993లో రెండో ఆల్బమ్ తర్వాత ఆల్ఫ్ తప్పుకున్నాడు, మార్టిన్ లార్సన్ వచ్చాడు, పాట తిన్ననైంది. నాలుగో ఆల్బమైన మన మూలగ్రంథానికి వచ్చేసరికి ఒక రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ పదం), దాని జవాబు, మళ్ళీ ఆ రిఫ్, అయిపోయింది. తిన్ననవడం పతనమా, పరిణతా అన్నదే వివాదం.

వ్యాఖ్యాత అభిప్రాయం చెప్పి తీరాలంటే ఇది: మొదటిది గొప్ప ఊహ, పలచని రికార్డింగు. నాలుగోదాంట్లో ఊహ తగ్గించుకుని చేతివాటం పెంచారు. పిల్లల్ని పడుకోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించుకునే వేళ మొదటిది. ఆఫీసులో అవమానం జరిగిన సాయంత్రం నాలుగోది. అయితే సూత్రకర్తకు ఈ కాలభేదం చెప్పి చూడండి, ఒప్పుకోడు. అతనికి కావలసింది ఏది గొప్పదో తేలడం కాదు, నాలుగోదాన్ని మెచ్చుకునే గుంపులోంచి తాను బయటపడటం. ఇంతకూ ఈ సూత్రం పలికేవారిలో చాలామంది నాలుగోది విని, దాని చెయ్యి పట్టుకునే మొదటిదాని గడప తొక్కినవారని వ్యాఖ్యాతకు గట్టి అనుమానం.

మతాంతరం: అదే నవంబరులో వచ్చిన డార్క్ ట్రాంక్విలిటీ వారి ‘ది గ్యాలరీ’యే పరమప్రమాణమని ఒక శాఖ. 1996లో వచ్చిన ఇన్ ఫ్లేమ్స్ వారి ‘ది జెస్టర్ రేస్’ అని మరో శాఖ. మూడూ ఫ్రెడ్రిక్ నోర్డ్‌స్ట్రమ్ నడిపిన స్టూడియో ఫ్రెడ్‌మన్‌లోనే తయారైన ప్రస్థానత్రయం. ఈ శాఖలవారు ఒకరి పంక్తిలో ఒకరు కూర్చోరు. గాయకులకు మాత్రం ఆ మడి లేదు. డార్క్ ట్రాంక్విలిటీ మొదటి ఆల్బమ్ పాడిన ఆండర్స్ ఫ్రిడెన్ తర్వాత ఇన్ ఫ్లేమ్స్‌కు వెళ్ళాడు; ఇన్ ఫ్లేమ్స్ మొదటి ఆల్బమ్ పాడిపెట్టిన మికాయెల్ స్టాన్నె డార్క్ ట్రాంక్విలిటీకి గాయకుడయ్యాడు.

సూత్రం: ఈ పాపమంతా దీనిదే.

ప్రతిపదార్థం: ఈ పాపమంతా = 2000 తర్వాత అమెరికాలో వెల్లువెత్తిన మెటల్‌కోర్ అనే మెటల్, హార్డ్‌కోర్ పంక్‌ల సంకరజాతి; దీనిదే = ఏవకారం వల్ల మరి దేనిదీ కాదని నిశ్చయం.

పూర్వపక్షం: కిల్‌స్విచ్ ఎంగేజ్, యాజ్ ఐ లే డయింగ్, అనెర్త్, డార్కెస్ట్ అవర్ మొదలైనవారు ఈ రిఫ్‌లను అక్షరాభ్యాసంలా దిద్దుకున్నారు. డార్కెస్ట్ అవర్ వారైతే గురుకులానికే వెళ్ళారు: 2003 నాటి తమ ఆల్బమ్‌ను అదే స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో చేసుకుని, ఎట్ ది గేట్స్ గాయకుడు టొమాస్ లిండ్‌బెర్గ్ చేత పాడించుకుని, గిటారిస్టు ఆండర్స్ బియోర్లర్ చేత వాయింపించుకున్నారు. కాబట్టి శిష్యుల దోషం గురువుకు చెందుతుంది.

సిద్ధాంతం: చెందదు. మొదటి హేతువు, ఆల్బమ్ వచ్చిన మరుసటి ఏడాదే, 1996లో, బృందం విడిపోయింది. మళ్ళీ కలిసి వేదికలెక్కింది 2008లో. కొత్త ఆల్బమ్ 2014లో. మధ్యకాలంలో వెల్లువ వచ్చింది, తీసింది. ఇంట్లో లేని యజమానిని చోరీకి బాధ్యుణ్ణి చేసే ధర్మశాస్త్రం లేదు. రెండో హేతువు ఇంకా బలమైనది. మూలంలో లేనిదాన్ని మూలానికి అంటగట్టకూడదన్నది మల్లినాథుడి ఒట్టు. మెటల్‌కోర్ మీద శ్రోతలు కత్తులు నూరేది ఎందుకు? అరుపు ఆపి తియ్యగా పాడే కోరస్ వల్ల, గుంపు గంతులు వేయడానికి వేగం తగ్గించి కొట్టే బ్రేక్‌డౌన్ వల్ల. ఈ ఆల్బమ్‌లో తియ్యగా పాడిన కోరస్ భూతద్దం పెట్టినా దొరకదు. బ్రేక్‌డౌన్ హార్డ్‌కోర్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొత్తు. ఇక్కడినుంచి పోయింది రిఫ్ ఒక్కటే, అదేమో పాపం కాదు.

పాఠాంతరం: ‘ఇందులో కొత్తేముంది?’ అని కొన్నిచోట్ల వినవస్తుంది. ఇది పిన్న వయస్కుల పాఠం. మొదటి పాఠం చెప్పే పెద్దలు వీరిని చూసి నవ్వుతారు గానీ, వ్యాఖ్యాత నవ్వలేడు. ఈ కుర్రవాడు ముందు విన్నది అనుకరణల్ని. పది ఆల్బమ్‌లలో అరిగిపోయిన రిఫ్‌ను పదకొండోదాంట్లో విన్నాడు. ఆ పదకొండోదే అసలుదని తేదీలు చెబుతాయి, చెవి చెప్పదు. పెద్దలకు 1995 జ్ఞాపకం ఉంది గనుక కొత్తదనం వినిపిస్తుంది. జ్ఞాపకం అరువివ్వడం కుదరదు. చిత్రమేమంటే, పాపం దీనిదే అన్న పెద్దాయనా కొత్తేముంది అన్న కుర్రాడూ ఇద్దరూ ఫిర్యాదు చేస్తున్నది ఈ ఆల్బమ్ తర్వాత వచ్చినవాటి మీదే. కేసు మాత్రం దీని మీద పెట్టారు.

సంధివిశేషం: ఈ ఉభయులూ ‘కోల్డ్’ అనే పాటలో సోలో వచ్చేసరికి ఆయుధాలు దించుతారు. అది వాయించింది బృందంవాడు కాదు, కింగ్ డైమండ్ బృందపు ఆండీ లరాక్. ఆయనదీ గోథెన్‌బర్గే. అందరూ ఒప్పుకున్న ఒక్క ఘట్టం అతిథి చేతిది కావడం వల్ల ఎవరి పక్షమూ ఓడలేదు.

సూత్రం: ఏం అరుస్తున్నాడో ఒక్క ముక్క అర్థం కాదు.

ఇది శ్రోత మాట కాదు, శ్రోత ఇంట్లో పక్క గదిలో ఉన్నవారి మాట. అధికారి భేదం వల్ల టీక లేదు. అయినా ఒకటి. లిండ్‌బెర్గ్‌ది కడుపులోంచి వచ్చే గుర్రు కాదు, పైస్థాయిలో చిరిగే కేక. ఈ జాతిలో మాటలు కాస్తయినా తెలిసే గొంతుల్లో అదొకటి. ఆల్బమ్ పేరున్న పాటలో ఆయన వేసే ‘గో’ అనే ఏకాక్షరపు కేకకు ప్రతిపదార్థం అక్కర్లేదు; అది విని జనం ఏం చేయాలో అదే చేస్తారు. 2025 సెప్టెంబరులో, 52 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. వాదులు వాదాలు ఆపలేదు, ఆపాలని ఆయనా కోరి ఉండడు.

సూత్రం: బాగుంది.

ప్రతిపదార్థం: బాగుంది = బాగుంది.

విశేషాలు: ఇది ప్రక్షిప్తమని తోస్తున్నది. పై సూత్రాలన్నిటా ఒక ప్రతివాది పొంచి ఉన్నాడు; ఇందులో ఎవరూ లేరు. ఎవరినీ ఓడించని అభిప్రాయాన్ని ఒక మెటల్ శ్రోత, అదీ తనంత తానుగా, వెలిబుచ్చాడంటే నమ్మశక్యం కాదు. కొన్ని ప్రతుల్లో ‘బాగుంది, కానీ’ అనే పాఠం కనబడుతోంది. ‘కానీ’ ఉన్నదే గ్రాహ్యం.