చేతివాటం, ముప్పై రోజుల్లో

ఈసారి మామిడిపళ్ల కంటే ముందే ఊళ్లోకి మలింగలు దిగారు. క్రికెట్ కోచింగ్ శిబిరాల ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు. ముప్పై రోజుల్లో శ్రీలంక పేసర్ మలింగ సైడ్‌ఆర్మ్ స్లింగ్ యాక్షన్, యార్కర్‌తో సహా! కారు నేర్పడానికైనా కాస్త గడువు అడుగుతారు, వీళ్లకి ఆ మొహమాటం కూడా లేదు.

తండ్రుల్నీ ఏమనలేం. 2024 మార్చి 31న విశాఖ పీఎం పాలెం స్టేడియంలో, అదే వాటమున్న శ్రీలంక పేసర్ పతిరన చెన్నై తరఫున ఒకే ఓవర్లో ఢిల్లీ బ్యాటర్లు మార్ష్‌నీ, స్టబ్స్‌నీ బౌల్డ్ చేశాడు. గెలుపు ఢిల్లీది, కేకలు ధోనీకి, యార్కర్లు పతిరనవి. బిల్లు మాత్రం మనకొచ్చింది.

మలింగలా పిల్లలకి పెంచే గిరజాల జుట్టు గురించి మాట్లాడను. చేతి తొడుగుల గురించీ మాట్లాడను. నా ఒళ్లు మండేది ఆ శిబిరాల్లో ఇచ్చే రిపోర్టుకి. పిల్లాణ్ణి పక్కనుంచి ఫోన్‌తో స్లోమోషన్‌లో తీస్తారు. బొమ్మ మీద ఒక ఎర్ర గీత, ఒక పసుపు గీత. భుజం ఇన్ని డిగ్రీలు, మోచెయ్యి అన్ని డిగ్రీలు. కింద కోచ్ సంతకం, స్టాంపు.

మా పక్కింటాయన దాన్ని లామినేషన్ చేయించాడు. కొడుకు నాలుగో తరగతి.

"చూడండి గురువుగారూ, మా గుంటడికీ మలింగకీ రెండు డిగ్రీలే తేడా."

"సరే బాబూ, మరి బంతి ఎక్కడ పడతంది?"

"అది రెండో మాడ్యూలండి."

రెండో మాడ్యూలట! చెయ్యి పైనుంచి తిప్పేవాడు బంతిని కాస్త ముందో వెనకో వదిలితే ఫుల్‌టాసో షార్ట్‌బాలో అవుతుంది, లైను పెద్దగా చెడదు. పక్కనుంచి తిప్పేవాడికి రెప్పపాటు తేడా వస్తే చాలు, వికెట్లు ఒక దిక్కు, బంతి ఒక దిక్కు. ఈ యాక్షన్‌లో కష్టమంతా అక్కడే ఉంది. దాన్ని రెండో మాడ్యూల్‌కి తోసేసి, మొదటి మాడ్యూల్‌లో చెయ్యి వంచడం అమ్ముతున్నారు.

మొన్న ఆ శిబిరం నెట్ దగ్గర కాసేపు నిలబడ్డాను. కుర్రాడు విసిరిన ప్రతి బంతీ పక్క వలనే మోదుతోంది. అవతలి నెట్‌లో బ్యాటు పట్టుకున్న అమ్మాయి ప్రతిసారీ ఉలిక్కిపడుతోంది. కోచ్ తల ఎత్తలేదు. ఫోన్‌లో గీతలు గీస్తున్నాడు. రిపోర్టుకి ఫీజు విడిగా, రెండో రిపోర్టుకి డిస్కౌంటు.

మలింగకి ఎవరు గీశారు గీతలు? శ్రీలంకలో గాలే దగ్గర రత్గమ ఇసుకలో టెన్నిస్ బంతితో ఆడీ ఆడీ వచ్చిన వాటం అది. కోచ్ చంపక రామనాయకే దాన్ని కొత్తగా నేర్పలేదు, ఉన్నదాన్ని చెడగొట్టలేదు. క్రీజు దగ్గర బూట్లు పెట్టి కొట్టమన్నాడు. బూట్లకి తగిలిందా లేదా అన్నదే రిపోర్టు.

ఇక్కడితో వేళాకోళం చాలు. ఎదిగే వయసులో పేస్ బౌలింగ్ మితిమీరితే నడుము ఎముకలో చీలిక వస్తుందని ఈ రంగంలో తెలియనివాడు లేడు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు 13 ఏళ్ల లోపు పేసర్లకి స్పెల్‌కి 5 ఓవర్లు, రోజుకి 10 ఓవర్లు దాటొద్దని రాసిపెట్టింది. ఇక్కడ పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి, రెండింటికీ కలిపి కడితే ఫీజు తగ్గింపు. డిగ్రీలు కొలవడానికి ఫోన్ ఉంది, బంతులు లెక్కపెట్టడానికి సుద్దముక్క లేదు.

పతిరన ఎర్రబంతి క్రికెట్ జోలికి పోకపోతేనే మంచిదని 2023లో ధోనీయే అన్నాడు. మలింగ 2011లో, 28 నిండకముందే, మోకాలి కోసం టెస్టులు వదులుకున్నాడు. అన్ని హంగులూ ఉన్న బుమ్రాకే 2023లో వెన్నుకి ఆపరేషన్ తప్పలేదు. పెద్ద పెద్దవాళ్లే లెక్కపెట్టుకుని వేసే బంతుల్ని, కోచ్‌గారూ, మీరు పాలపళ్లు ఊడని పిల్లల చేత లెక్క లేకుండా వేయిస్తారా? సిగ్గుండక్కర్లేదూ?

నడుము పట్టేసిందని పక్కింటి కుర్రాడు రాత్రి ఏడిస్తే, తండ్రి వెళ్లి రిపోర్టు తిరగేశాడు. నొప్పికి అందులో గీత లేదు.

అయ్యా తండ్రులూ, సాయంత్రం గేటు దగ్గర కోచ్‌ని ఒక్క మాట అడగండి: "ఇవాళ మావాడు ఎన్ని బంతులేశాడు?" నోటుబుక్కు తీసి చూపిస్తే సరే. "వీడికి మంచి ఫ్యూచరుందండి" అన్నాడా, అక్కడే ఫీజు వెనక్కి అడగండి. లామినేషన్ ఖర్చు కూడా.