పెట్టె లేని రూక: టీకా తాత్పర్య సహితము

పెట్టె లేని రూక పేదచుట్టము వలె
పత్రమున్న రూక పట్టపు దొర
రెండు లేకయున్న రేటు సగమె కదా
కొనెడివాడ! చూచి కొనుము డబ్బ

అవతారిక: ఈ ఆటవెలది కర్త పేరు తెలియదు. నాణేల వర్తకుడని మాత్రం రూఢిగా చెప్పవచ్చు. కొనేవాడు రాసి ఉంటే మూడో పాదం మొదటికి వచ్చి ఉండేది.

ప్రతిపదార్థం: పెట్టె లేని = టంకశాలవారిచ్చిన చెక్కపెట్టె గాని, అట్ట ఫోల్డరు గాని పోగొట్టుకున్నట్టి; రూక = స్మారక నాణెము; పేదచుట్టము వలె = పంక్తి చివర కూర్చోబెట్టబడును; పత్రమున్న = ప్రామాణికతా పత్రమను అచ్చుకాగితము గల; పట్టపు దొర = బేరమునకు లొంగనిది; రేటు సగమె కదా = సగము ధరయే గదా (వర్తకుడు మన దగ్గర కొనునపుడు మాత్రమే; మనకు అమ్మునపుడు ఈ సూత్రము ప్రవర్తించదు); చూచి = కంటితో, వీలైనచో భూతద్దముతో; డబ్బ = పెట్టెను; కొనుము. ‘కొనుము డబ్బు’ అని పాఠాంతరం. వర్తకుని దృష్టిలో రెండూ ఒకటే.

టీక: ఇక్కడ రూక అంటే ఏ రూకైనా కాదు. మన దేశంలో తొలి స్మారక నాణేలు 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చాయి, ఒకటి రూపాయి, ఒకటి అర్ధరూపాయి. అవి బజారులో చిల్లరగా తిరిగాయి. జేబులో అరిగినదానికి పెట్టె ఏదని అడగడం అవివేకం. దానికి అరుగుదలే లెక్క. కవి మనసులో ఉన్నది బజారు మొహం చూడని నాణెం.

ఉదాహరణకు, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. హైదరాబాద్ టంకశాలలో తయారైంది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి, 40 శాతం రాగి, మిగిలినది నికెల్, జింకు. విడుదలనాటి ధరల్లో చెక్కపెట్టెలోది 4,850 రూపాయలు, అట్ట ఫోల్డరులో ప్రూఫ్ (అద్దంలా మెరిసే ముద్ర) 4,380, అట్ట ఫోల్డరులోనే అన్‌సర్క్యులేటెడ్ (సాదా ముద్ర) 4,050. మొదటి రెండింట్లో నాణెం ఒకటే, తేడా 470. అంటే చెక్కకు సర్కారువారే వెల కట్టారు. కాబట్టి పెట్టెకు విలువే లేదనే విరాగుల వాదం మొదటి అడుగులోనే పడిపోయింది.

పూర్వపక్షం: అయ్యా, పత్రం ఉంటే నాణెం అసలుదని రుజువే కదా?

సమాధానం: కాదు. పత్రం మీద లోహం, బరువు, వ్యాసం రాసి ఉంటాయి. ఆ వివరాలు ఆ వరసలోని ప్రతి నాణేనికీ సమానమే. అందుకే ఏ నాణెం పక్కన పెడితే దాని తరఫున సాక్ష్యం చెబుతుంది ఆ కాగితం. పైగా పెట్టెకు మూత ఉంది, మూత తెరుచుకుంటుంది. ప్రూఫ్‌ను తీసి సాదాదాన్ని కూర్చోబెట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. నాణెం ముద్రించడం కంటే కాగితం అచ్చువేయడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. ఈ బాధ పడలేకనే అమెరికాలో 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు పని మొదలుపెట్టాయి. అవి నాణేన్ని పరీక్షించి, గ్రేడూ నంబరూ ఉన్న చీటీతో సహా గట్టి ప్లాస్టిక్ పలకలో మూసేస్తాయి. పగలగొడితే తప్ప విడదీయలేం. (ఆ పలకలకూ నకిలీలు వచ్చాయి. కలికాలం.)

కనుక నాణేనికి నాణెమే ప్రమాణం. తూచాలి, కొలవాలి, టంకశాల గుర్తు చూడాలి, హైదరాబాద్‌కు నక్షత్రం. ప్రూఫ్ అయితే నేల (బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ) నున్నగా మెరుస్తూ, బొమ్మ మసకగా పైకి తేలి ఉండాలి.

మతాంతరం: పెట్టె అలంకారం కాదు, రక్షణ అని కొందరు. సగమే నిజం. కాపాడేది నాణేన్ని మూసి ఉంచే లోపలి ప్లాస్టిక్ క్యాప్సూల్. చెక్క నుంచీ నాసిరకం అట్ట నుంచీ వచ్చే ఆవిర్లు వెండిని నల్లబరుస్తాయి. మెత్తటి పీవీసీ సంచులైతే కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు పూస్తాయి. నల్లబడింది కదా అని పూజసామానుతో కలిపి చింతపండు పెట్టి తోమిన మహానుభావులకు ఏ పత్రమూ అక్కరకు రాదు. ప్రూఫ్ మెరుపు ఆ తోముడుతోనే పోయింది.

తాత్పర్యం: మొదటి పాదం సంతలో నిజం, రెండోది సగం నిజం, నాలుగోది వర్తకుడి స్వార్థం. పెట్టె, పత్రం చేతికి వస్తే పారేయకండి. మళ్లీ అమ్మేనాడు అడుగుతారు. నాణేన్ని మాత్రం క్యాప్సూల్‌తో సహా విడిగా, పొడిగా ఉంచండి. ఖాళీ చెక్కపెట్టె దొరికితే 470 రూపాయల దాకా ఇవ్వవచ్చు. పత్రానికి విడిగా పైసా ఇవ్వవద్దు.