నిప్పులేని వంట

వేసవి సెలవులొస్తే చాలు, మన కాలనీల్లో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఈత, కరాటే, అబాకస్, వాటి పక్కనే ‘ఫైర్‌లెస్ కుకింగ్’. పొయ్యి వెలిగించకుండా వంట నేర్పుతారట. గ్యాస్ అయిపోయిన రోజున మనమంతా చేసే పనే అది. దానికి ఫీజు వసూలు చేయొచ్చని మనకు తోచలేదు, అంతే.

స్కూళ్లలో దీని మీద పోటీలు కూడా. ముందురోజు రాత్రి తల్లి కీరా చక్రాలు తరుగుతుంది, పల్లీలు వేయిస్తుంది, బంగాళాదుంపలు ఉడకబెడుతుంది (ఇవి మాత్రం నిప్పు మీదే). మర్నాడు పిల్లాడు తెల్లటోపీ పెట్టుకుని అవన్నీ బ్రెడ్డు మీద పేర్చి, పైన ఒక కొత్తిమీర రెమ్మ గుచ్చుతాడు. అది గార్నిషింగ్. జడ్జిగారు రుచి చూడరు, ఫొటో తీసుకుంటారు. పిల్లాడికి సర్టిఫికెట్, తల్లికి అంట్లగిన్నెలు.

అదే బాల షెఫ్ ఇంట్లో వంటింటి గుమ్మం తొక్కితే, “ఇటు రాకు, నూనె చిందుతుంది! పోయి హోంవర్క్ చేసుకో” అని కేక. లోపల జరిగేదేమిటో చూడనివ్వం. నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు ముందు పడాలి, అవి నిదానంగా వేగుతాయి గనక. అవి దోరగా రంగు తిరుగుతుంటే ఆవాలు. చిటపట మొదలయ్యాక జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ. కరివేపాకు ఆఖరున, అదీ కాస్త వెనక్కి జరిగి, దాని తడికి నూనె చిమ్ముతుంది కాబట్టి. వరస తప్పితే జీలకర్ర మాడుతుంది, పప్పు పచ్చిగానే ఉంటుంది. దోరగా, కచ్చాపచ్చాగా, మగ్గేదాకా లాంటివి నోట్సులో రాసుకుంటే వచ్చేవి కావు. ముక్కుకీ చెవికీ పట్టాలి. నాకు తెలిసిన ఓ తొమ్మిదో తరగతి పాపకు సాటే వచ్చు, ప్లేటింగ్ వచ్చు. ఎసరు పెట్టమంటే, ఎక్కడ డౌన్‌లోడ్ చేయాలని అడిగింది.

ఒకప్పుడు “రేపు అత్తారింట్లో మాటొస్తుంది” అని బెదిరించి ఆడపిల్లకు వంట నేర్పేవారు. అది అన్యాయమని గ్రహించాం, సంతోషం. సరిదిద్దుకున్న తీరే అద్భుతం! మగపిల్లాడికి నేర్పడం మొదలుపెట్టలేదు, ఆడపిల్లకు మానేశాం. ఇప్పుడు ఇద్దరికీ రాదు. సమానత్వం ఇంత తేలిగ్గా వస్తుందని ఏ ఉద్యమమూ ఊహించి ఉండదు. జపాన్‌లో ఐదు, ఆరు తరగతుల్లోనే ఆడా మగా అందరికీ గృహవిజ్ఞానం తప్పనిసరి. అన్నం వండటం, మిసో సూప్ కాయడం అక్కడ పాఠాలు. మనకా ఖర్మ ఎందుకు, పురాణాలుండగా? వంట బాగుంటే నలభీమపాకం అని లొట్టలేస్తాం. ఆ నలుడూ, విరాటుడి కొలువులో వలలుడై గరిటె తిప్పిన భీముడూ మగవాళ్లేనని మాత్రం, కంచం ముందు కూర్చుని “ఇంకా కాలేదా?” అనే మగమహారాజుకి ఎవరూ చెప్పరు.

దీని ఫలితం శంషాబాద్ విమానాశ్రయంలో కనబడుతుంది. ఎమ్మెస్‌కు వెళ్లే కుర్రాడి సూట్‌కేసుల్లో ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా అన్నీ ఉంటాయి, వంట తప్ప. వేసవిలో డల్లాస్‌లో సాయంత్రం ఏడైతే ఇక్కడ తెల్లారి ఐదున్నర. ఫోను మోగుతుంది.

“అమ్మా, కందిపప్పుకి ఎన్ని విజిల్స్?”

“నాలుగు రానివ్వు నాన్నా. పసుపు వేశావా?”

“పసుపు ఎక్కడ పెట్టావు?”

ఖండాంతరాల అవతలి డబ్బాని వీడియోలో వెతికిపెట్టడం ఆ తల్లి ఉద్యోగం. “ఏదో ఒకటి తినమను” అని దుప్పట్లోంచి సలహా ఇవ్వడం తండ్రిది.

అయ్యలారా, అమ్మలారా! క్యాంపు ఫీజు జేబులోనే ఉంచుకోండి. ఈ ఆదివారం పదేళ్లు దాటిన పిల్లల్ని, కొడుకైనా కూతురైనా, పొయ్యి దగ్గరికి పిలవండి. పక్కనే నిలబడండి, గరిటె మాత్రం లాక్కోకండి. పప్పులో ఉప్పెక్కువైతే ఇంకో ముద్ద అన్నం కలుపుకుని తినండి. అడుగంటితే ఆ గిన్నె కూడా వాళ్లచేతే తోమించండి.