గడువులు కలిసే ముహూర్తం

నెట్ గడువు శ్రావణంలో ముగుస్తుంది, ల్యాండ్‌లైన్ గడువు మాఘంలో. రెండూ ఒకే కంపెనీవి. ఒకే తీగలో వచ్చి ఒకే డబ్బాలో దూరతాయి. అయినా ఒకటి తీరేనాటికి రెండోది తీరదు.

కొత్త కంపెనీ పిల్లోడిది ఒకటే పాట. "రెండూ ఒకేసారి మా దాంట్లోకి మారిస్తేనే సార్ ఆఫర్. ఒక్కటే అంటే రాదు." పాత కంపెనీదీ ఒకటే పాట. గడువులోపల వదిలేస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి రాదు, పైగా డబ్బా ఖరీదు మనమే కట్టాలి. శ్రావణంలో నెట్ వదిలేద్దామంటే ల్యాండ్‌లైన్‌కు ఇంకా ఆర్నెల్లుంటుంది. పోనీ, నెట్‌ను ఇంకో ఆర్నెల్లు లాగి మాఘంలో రెండింటికీ ఒకేసారి నీళ్ళొదులుదామంటే, ఆర్నెల్ల ప్యాకుకు ఒక నెల ఉచితం! గడువు మాఘం దాటి ఫాల్గుణంలో పడుతుంది. ఆ ఉచిత నెల కూడా పూర్తిగా వాడితేనే గడువు తీరినట్టట. ఆ నెల మాకొద్దు మొర్రో అంటే ఫోన్లో అమ్మాయి జాలిపడింది. "అది సిస్టమ్‌లో తనంతట తనే పడిపోతుంది సార్." నెలనెలా కట్టే ప్యాకేమో కొత్తగా చేరేవాళ్ళకేనట. పాతవాళ్ళకు ఆ యోగం లేదు.

చిక్కుముళ్ళు మా చెన్నేకొత్తపల్లి వాళ్ళకు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 3 రాత్రి అనంతపురం జిల్లాలో పడుకున్నాం, తెల్లారి శ్రీ సత్యసాయి జిల్లాలో లేచాం. మా ఎమ్మెల్యే నియోజకవర్గం రాప్తాడు. ఆ రాప్తాడేమో అనంతపురం జిల్లాలోనే ఉండిపోయింది. ఎంపీ సీటు హిందూపురం, కలెక్టరు పుట్టపర్తిలో. ఇంత గందరగోళంలోనూ ఒక సుఖముంది. ఎమ్మెల్యే, ఎంపీ గడువులు మాత్రం కలిసొస్తాయి. 2019 ఏప్రిల్ 11న ఒకే బడిలో రెండు మీటలు నొక్కాం, 2024 మే 13న మళ్ళీ నొక్కాం. ఢిల్లీనీ అమరావతినీ మార్చాలనుకుంటే ఒకే పూటలో, క్యూలో ఒకేసారి నిలబడి మార్చుకోవచ్చు. మా హాల్లో టీవీ పక్కనున్న డబ్బాను మార్చడానికి ఆ వీలు లేదు.

సెల్‌ఫోనుకైతే ఏనాడో స్వాతంత్ర్యం వచ్చింది. 2011 జనవరి 20 నుంచి దేశంలో ఎవరైనా నంబరు మార్చుకోకుండానే కంపెనీ మారొచ్చు. తొంభై రోజులు ఉంటే చాలు, 1900కు ఒక మెసేజ్ కొట్టి దండం పెట్టి వచ్చేయొచ్చు. ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ భాగ్యం లేదు. మనం పోతే అది అక్కడే ఉండిపోతుంది.

ఈ గోడు మా వీధిలో రిటైరైన లెక్కల సారుకు చెప్పుకున్నాను.

"ఏమప్పా, దీనికింత అగచాట్లా? ఇది ఆరో తరగతి క.సా.గు. లెక్క!" అంటూ ఆయన అరుగు మీదున్న పెళ్ళిపత్రిక తిరగేసి, పెన్ను అందుకున్నారు. "నెట్ ఏడు నెలలకొకసారి తీరుతుంది. ఫోను పన్నెండుకొకసారి. రెండూ ఒకే రోజు మొదలైనాయనుకో, మళ్ళీ ఒకే రోజు తీరేది ఎప్పుడు? ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు. ఏడేండ్లు! ఏలినాటి శని ఏడున్నరేండ్లు కదా, నీది ఆర్నెల్లు తక్కువే. సంతోషించు."

నేను సంతోషించేలోపల ఆయనే అడ్డం తిరిగారు. "అయితే నీవి ఒకే రోజు మొదలు కాలేదు కదా. శ్రావణం నుంచి లెక్కేస్తే..." వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, "నలభై రెండో నెల. మాఘం! ఆ పొద్దు రెండూ కలుస్తాయి" అన్నారు. అంటే మూడున్నరేళ్ళు. ఎట్లాగో ఓర్చుకుందామనుకుంటుండగా, "ఆ పొద్దు తప్పిందా, మళ్ళీ ఏడేండ్లు" అని హెచ్చరించారు. ఆ రోజు ఆదివారమైతే ఏం గతి అని అడిగాను. ఆయన కొంచెంసేపు నిజంగానే ఆలోచించారు.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. లేస్తుండగా, "ఉండప్పా, నెలంటే ఎన్ని రోజులు?" అన్నారు.

ప్రశ్నలో న్యాయముంది. సెల్ కంపెనీల నెలకు 28 రోజులు. అందుకే జనం ఏడాదికి పదమూడు నెలలు కడుతూ వచ్చారు. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గదిమితే 30 రోజుల ప్యాకు కూడా పెట్టారు. నా నెట్ బిల్లు తీసి చూస్తే నెలకు 30 రోజులు. అంటే ఏడు నెలలకు 210. ల్యాండ్‌లైన్ మాత్రం నిండు ఏడాది, 365. సారు కళ్ళు మెరిశాయి. పెళ్ళిపత్రిక చాలక, అందులో పెట్టిన కవరు కూడా చించి విప్పారు. జవాబు 15,330 రోజులు. సరిగ్గా 42 ఏళ్ళు! నలభై రెండు నెలలతో పోయేది కాస్తా నలభై రెండేళ్ళయి కూర్చుంది. శని సుమారు ముప్పై ఏళ్ళకొకసారి రాశులన్నీ చుట్టొస్తాడు. నా డబ్బా మారేనాటికి ఆయన ఒక చుట్టు ముగించి, రెండో చుట్టులో నాలుగు రాశులు దాటి ఉంటాడు.

"ఈలోపల నువ్వు నెట్‌కు డెబ్భై మూడుసార్లు కట్టాల" అన్నారు సారు. "అంటే డెబ్భై మూడు నెలలు ఉచితం! ఆరేండ్లు ఊరికే వస్తుందప్పా, కంపెనీవాళ్ళు మంచోళ్ళే!" లీపు సంవత్సరాలు కలపలేదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నారు. రేపు పొద్దున రమ్మన్నారు. నేను పోలేదు.

లెక్కలో లేనిదొకటుంది. ఇక్కడ శనక్కాయ రైతుకు డబ్బు కళ్ళజూసేది ఏడాదికొకసారి. జూన్, జూలైలలో విత్తి, కార్తీకం నాటికి కాయ ఇంటికొస్తే. అదీ వాన దయ. అటువంటి ఊళ్ళో, పిల్లల ఆన్‌లైన్ చదువులకని ఆర్నెల్ల డబ్బు ముందే కట్టించుకుంటారు. నడుమ లారీ తగిలి తీగ తెగి, నెట్ రోజుల తరబడి పడకేస్తే ఆ రోజులు గడువులో కలపరు. మేము నెల ముందు వదిలితే మా మీద జరిమానా. వాళ్ళు వారం మాయమైతే అది టెక్నికల్ ప్రాబ్లం. ఒప్పందమన్నాక రెండు సంతకాలుంటాయి కదా, బాధ్యత మాత్రం ఒకవైపే ఎందుకు వాలిందో ఏ కస్టమర్ కేరూ చెప్పదు.

ల్యాండ్‌లైన్ పీకేస్తే పీడా పోతుంది కదా అని మా ఇంట్లోవాళ్ళే అంటారు. నిజమే. దానికి ఫోన్లొచ్చేది తక్కువ. అప్పు కావాలా అనే బ్యాంకువాళ్ళు, తప్పు నంబరు వాళ్ళు, మా చిన్నమ్మ.

చిన్నమ్మ హిందూపురంలో కొడుకు దగ్గరుంటుంది. ఎనభై దాటాయి. నన్ను మా నాన్న పేరుతో పిలుస్తుంది, మనవణ్ణి కొడుకనుకుంటుంది. ఈ నంబరు మాత్రం ఒక్క అంకె తప్పదు. మనవడి సెల్ లాక్కుని ఎస్‌టీడీ కోడుతో సహా నొక్కుతుంది. "వానొచ్చిందేమి నాయనా?" అంటుంది. పొలం ఇంకా ఉందనే అనుకుంటోంది. అమ్మి చానా కాలమైంది. "లేదు చిన్నమ్మా" అంటే, "వస్తుందిలే, వస్తుందిలే" అని నాకే ధైర్యం చెప్పి పెట్టేస్తుంది. నా సెల్ నంబరు వాళ్ళ గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టాం. అటువైపు చూడదు. ఈ ఫోను గడువు మాఘమని కంపెనీ అంటుంది. దాని అసలు గడువు హిందూపురంలో ఉంది. ఆ లెక్క కట్టమని సారును అడగబుద్ధి కాలేదు.

ల్యాండ్‌లైన్‌కు మాఘం రాకముందే ఇంకో ఏడాది కట్టేశాను. నెట్‌కు ఆర్నెల్లు, దాని వెంట ఉచిత నెల కూడా తప్పలేదు.

కొత్త కంపెనీ పిల్లోడు అప్పటికే "ఎట్లాగూ మారతారు కదా సార్" అని కరెంటు స్తంభం నుంచి మా మేడ దాకా తీగ లాగి కట్టేసిపోయాడు. విప్పి తీసుకుపోప్పా అంటే, విప్పడానికి వేరే టీమ్ ఉంటుందట. ఆ టీమ్ ఇంకా రాలేదు. మేడ మీద మా ఆవిడ దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది. గట్టి తీగే, తడి దుప్పటి వేసినా సాగడం లేదు. ఆ కంపెనీ నుంచి మాకందుతున్న సేవ ప్రస్తుతానికిదే. డిపాజిట్ లేదు, గడువూ లేదు.