జాకీ పండితుడు

అనంతపురమునుండి గుత్తికి బోవు 44వ నంబరు జాతీయ రహదారిమీద, గార్లదిన్నె దాపున, ట్రాక్టరు గాని టిప్పరు గాని బోరు బండి గాని ఆయిలు ఒత్తిడితో బరువునెత్తు జాకీ పనిచేయక నిలిచిపోయెనా, మెకానిక్కు వచ్చుటకు గంట పట్టునేమో గాని జాకీ పండితుడు ప్రత్యక్షమగుటకు నిమిషము పట్టదు. ఈతడు మెకానిక్కు కాడు, డ్రైవరును కాడు. వేరుసెనగ పండని యేట తీరిక మాత్రము పుష్కలముగా పండిన పెద్దమనిషి. యంత్రములను గూర్చి యింత పాండిత్యము గలవాని పంచెకు చమురు మరక యొక్కటియు లేకుండుటయే యీతని ప్రథమ లక్షణము.

ఈ విద్య యీతనికి బోరు బండ్ల సన్నిధిని అబ్బినది. మిడ్ పెన్నారు జలాశయము ఈ గార్లదిన్నె మండలమున పెనకచెర్లవద్దనే యున్నను, మెట్టచేల రైతునకు బోరే గతి గదా! ఆ బండి జాకీ కాళ్ళు నేలకూని, పడుకొనియున్న స్తంభమును నిలువుగా లేపుచుండగా, కన్నార్పక చూచుచు పెరిగినవాడీతడు. నీటిచుక్కకు మొగము వాచిన నేలమీద ద్రవముయొక్క శక్తిని గూర్చి యిన్ని ఉపన్యాసములు పుట్టుట విధివిలాసము.

చెరువుమట్టి నింపుకొనివచ్చిన ట్రాక్టరొకటి చేని గట్టున మొరాయించినదనుకొనుడు. లివరెంత లాగినను ట్రాలీ లేవదు.

"ఏమప్పా, లేస్తాలేదా?"

"లేస్తాలేదు మామా."

"ఇంగేముంది, పంపు పోయింది. ఇరవై వేలు ఎత్తిపెట్టుకో."

"నిన్న బాగానే లేసింది కదా మామా!"

"పోయేముందు అన్నీ బాగానే ఉంటాయప్పా!"

మూసిన పాత్రలోని ద్రవముమీద పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రసరించునని పాస్కల్ పండితుడు వ్రాసిన గ్రంథము, ఆయన గతించిన మరుసటి యేడు, 1663లో అచ్చయినది. బ్రామా అను ఆంగ్లేయుడు 1795లో ఆ సూత్రముతోనే ఒత్తుడు యంత్రమునకు పేటెంటు పొందినాడు. మన పండితుడా సూత్రమును నిందకు వర్తింపజేసినాడు: పంపు, సీలు, ఆయిలు, డ్రైవరు, కంపెనీ, కలికాలము - అన్నింటిమీదను అది సమముగనే ప్రసరించును. ఇంతలో మెకానిక్కు వచ్చి, మాటైన నాడక, హోసు పైపు కప్లింగును ఊడదీసి, అందు జొచ్చిన మట్టిని గుడ్డతో తుడిచి, 'టక్కు'మనునట్లు మరల బిగించును, ట్రాలీ లేచును. పండితుడు తడబడడు: "నేను ముందే చెప్పల్యా, అంతా ప్రెజరు మాటేనని?"

ఒకనాడు, సినిమా తారల విడిదివాహనములలో (క్యారవాన్లలో) గోడయే గదిగా వెలుపలికి జరుగునని సెల్‌ఫోనులో చూచి, "అది పండుకున్న ట్రాలీ జాకీనే కదప్పా!" అని యీతడు తేల్చివేసెను. జాకీతో నడచువాటి విషయమున ఆ మాట అక్షరసత్యము. అయితే ఆ గది కదలనప్పుడు ఎరిగినవారు ముందు బ్యాటరీ బలమును, పిమ్మట గదులన్నియు లోపలికి జరిగియుండగా ట్యాంకులోని ఆయిలును, ఆపైన కారుడును వాల్వును చూచి, పంపును కట్టకడపట అనుమానింతురు. మనవాడు కట్టకడపటిదానితో ఆరంభించును. చవకైన లోపమును కనిపెట్టుట తన ప్రతిష్ఠకు చాలదని యీతని గాఢవిశ్వాసము.

కావున ట్రాక్టరు గల సోదరులకొక విన్నపము. జాకీ లేవనిచో, ట్రాలీ దిగియుండగా ఆయిలు చూడుడు. లేచియున్న ట్రాలీ జాకీలో కొంత ఆయిలుండి మీ లెక్క తప్పును. కప్లింగు తుడిచి బిగింపుడు. పైపు కారుచున్నదేమోయని చేతితో తడుమకుడు. సన్నని రంధ్రమునుండి ఒత్తిడితో చిమ్ము ఆయిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్టముక్కను అడ్డుపెట్టి చూచుట క్షేమము. లేచిన ట్రాలీ క్రింద ఊతము పెట్టక తల దూర్చకుడు. ఇంత చేసినవారు పండితునకు ఇరవై వేల మాట అవసరము లేకుండ ఒక్క టీతో సరిపుచ్చవచ్చును.