తప్పులు పట్టే బావ

నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కింద నిలబడి అందరూ ఎవరి ఫొటో ఎంత పెద్దగా పడిందో చూస్తారు. బావ ‘శుభాకాంక్షాలు’ చూస్తాడు. చూసి ఊరుకుంటే గొడవే లేదు. ఆ ఫ్లెక్సీ కట్టించిన కుర్రాణ్ణి వెతికి పట్టుకుని, క్ష తర్వాత దీర్ఘం ఎందుకు రాకూడదో నడిరోడ్డు మీద పాఠం చెబుతాడు. పిట్లం, బిచ్కుంద వైపు ఫ్లెక్సీలు కొట్టే పిల్లలు ఈయన బండి చప్పుడు వింటే షట్టరు సగం దించుతారని చుట్టాల్లో చెప్పుకుంటారు.

ఈయనది కామారెడ్డి జిల్లా పెద్దకొడప్‌గల్. బడిలో లెక్కల సారు కాబట్టి సగం పాపం ఉద్యోగానిది. మిగతా సగం పుట్టుకతో వచ్చింది. ఇలాంటి బావ లేని వంశం తెలుగునాట ఉండదు. కూరలో ఉప్పు తగ్గిందని వడ్డించకముందే పసిగట్టేది, బస్సు టికెట్ మీద తేదీ సరిచూసేది, సంతాప తీర్మానంలో వాక్యదోషం పట్టేది ఆయనే. ఈ గుణానికి లోకంలో ఎక్కడా గిరాకీ లేదనే బంధువులంతా చాలాకాలం ధీమాగా ఉన్నారు. ఈలోగా ఆయనకు ఓపెన్ సోర్స్ దొరికింది.

సోర్స్ కోడ్‌ను తాళం వేసి దాచుకోకుండా, ఎవరైనా చూడండి, దిద్దండి, పంచుకోండి అని బయటపెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి లినక్స్‌ను నలుగురి ముందూ పెట్టాడు. బావకు ఈ చరిత్ర కంఠతా వచ్చు, కోడ్ రాయడం మాత్రం ఒక్క ముక్క రాదు. రానక్కర్లేదని తెలిసిన రోజే ఆయన జీవితం మలుపు తిరిగింది. తప్పు కనిపిస్తే చెప్పండి, వివరంగా చెప్పండి, మళ్లీ మళ్లీ చెప్పండి అని బతిమాలే మనుషులు భూమ్మీద ఉన్నారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇలా తప్పు చెప్పే బగ్ రిపోర్టుకు ఒక పద్ధతి ఉంది. ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఏ వర్షన్, ఏ ఫోను అన్నీ వరుసగా రాయాలి. ‘పని చేయడం లేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. బావ ఈ పద్ధతిని ముందు ఇంట్లో అమలు చేశాడు.

“టీవీ వస్తలేదురా” అంది తల్లి.

“వస్తలేదంటే? బొమ్మ వస్తలేదా, సప్పుడు వస్తలేదా? ఆఖరుసారి ఎప్పుడొచ్చింది? దానికి ముందు ఏం నొక్కినవు?”

“గవన్ని ఎర్కుంటె నిన్నెందుకు పిలుస్తరా!”

ఆయన పట్టిన బగ్గుల్లో పెద్దది సొంత ఊరి పేరులోనే ఉంది. కొడప్‌గల్ అని రాయాలంటే పకు పొల్లు పెట్టి, పక్కన గ రాయాలి. కంప్యూటర్ దానికి ఒప్పుకోదు. గను ప కిందికి ఒత్తుగా తోసి ‘కొడప్గల్’ చేస్తుంది. రెండూ విడివిడిగా నిలవాలంటే మధ్యలో వెడల్పు లేని, కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కనిపించకపోయినా వెతుకులాటలో అడ్డం పడుతుంది. ఒకరు ఆ గుర్తుతో, మరొకరు గుర్తు లేకుండా ఊరి పేరు కొడితే, దాన్ని లెక్క చేయకుండా వెతకాలని ముందే చెప్పి ఉంచని యాప్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్లు. అలాంటి ఒక నోట్స్ యాప్‌లో బావకు తన ఊరే దొరకలేదు. తన పద్ధతంతా తు.చ. తప్పకుండా పాటిస్తూ, రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి, ఇంగ్లీషులో రిపోర్టు రాశాడు. మొదట ‘రెస్పెక్టెడ్ సర్’, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. సెలవు చీటీ పోలిక పోలేదు.

కొన్నాళ్లకు ‘హాయ్’ అంటూ జవాబొచ్చింది. మా దగ్గర బాగానే ఉంది, మీకు ఎలా వస్తుందో ఇంకాస్త వివరించగలరా అని అడిగారు. లెక్కల సారును హాయ్ అంటారా అని ముందు కాస్త చిన్నబుచ్చుకున్నా, ఇంకాస్త వివరించమని ఆయన్ను జన్మలో మొదటిసారి ఒకరు అడిగారాయె, రాత్రంతా కూర్చుని రాశాడు. చివరకు ఆ రిపోర్టును ‘డూప్లికేట్’ అని మూసేశారు. ఇదే తప్పును ఇంకెవరో ముందే పట్టారట. బావ రెండు పూటలు సరిగా తినలేదు. బగ్ బాగవుతుందా లేదా అన్న చింత కాదది, తనకంటే ముందు పట్టినవాడు ఈ లోకంలో ఉన్నాడన్న బాధ.

ఆ కనిపించని గుర్తును తక్కువ చేసి మాట్లాడితే బావ ఊరుకోడు. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ ఒకటి ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. ఆ అక్షరపు వరుసలో కూడా ఈ కనిపించని గుర్తు ఉంది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దుకుంది. బావ ఈ కథ చెప్పేటప్పుడు ఆ అక్షరాన్ని తనే పంపినంత గర్వంగా చెబుతాడు.

ఆయన ఆరాధ్యదైవం మాత్రం వేరే. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు తన కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానం వచ్చింది. మామూలు మనిషైతే ఈలోగా టీ తాగొస్తాడు. ఫ్రాయిండ్ తవ్వాడు. ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టారని బయటపడింది. ఎన్నాళ్లుగానో మంచివాడిలా సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఖాతా పనే అది. పట్టుకోకపోయి ఉంటే లోకంలోని లినక్స్ సర్వర్లలోకి చొరబడే దారి దొరికేది. ఇది చదివిన దగ్గర్నుంచి, ఫ్యాను స్విచ్చి వేశాక రెక్క కదలడానికి ఎంతసేపు పట్టిందో బావ సెల్‌ఫోన్లో కొలుస్తున్నాడు.

బండి మీద వెనక కూర్చున్న ఇల్లాలికి ఇంకో కష్టం వచ్చింది. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను జనమే గీస్తారు. దానికి స్ట్రీట్‌కంప్లీట్ అనే ఫోన్ యాప్ ఉంది. కోడ్ అక్కర్లేదు, అది అడిగినదానికి జవాబు చెప్పాలంతే. ఈ రోడ్డు సిమెంటుదా, మట్టిదా? దీపాలున్నాయా? నాందేడ్ వైపు పోయే 161వ నంబరు జాతీయ రహదారి పక్కన బండి ఆపి, బావ ఒక టీ హోటల్లోకి నడిచాడు. టీ కోసం కాదు.

“హోటల్ ఎన్నింటికి తెరుస్తవు, ఎన్నింటికి మూస్తవు?”

“పాలున్నంత సేపుంటది సారూ.”

“పాలు ఎప్పటిదాక ఉంటయి?”

“గిరాకుంటే పదికే అయిపోతయి. లేకుంటే పొద్దుమూకేదాక ఉంటయి.”

యాప్‌లో పాలకంటూ వేరే గడి లేదు. మామూలుగా ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకో రాయాలి. బావ అక్కడే నిలబడి, పాలను బట్టి తెరిచే హోటళ్ల కోసం కొత్త గడి పెట్టాలని యాప్ తయారుచేసినవాళ్లకు ప్రతిపాదన రాయడం మొదలుపెట్టాడు. ఎండలో బండి మీదున్న మనిషి ఏమందో ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

కోడ్ రాని బావకు సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడం ఇంకో దారి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కంప్యూటర్‌ను తెలుగులోకి తేవడానికి పూనుకుంది. ఫైర్‌ఫాక్స్, వర్డ్‌ప్రెస్ తెలుగులో కనిపిస్తున్నాయంటే సాయంత్రాలు ధారపోసినవాళ్లు ఉన్నారు. పాంటూన్ అనే చోట మొజిల్లా వాక్యాలను ఒక్కొక్కటిగా ముందు పెడుతుంది. కొత్తవాళ్లు సూచన మాత్రమే చేయగలరు, ఒప్పుకోవాల్సింది ఇంకొకరు. ఆ వాక్యాల్లో ఒక్కోసారి ‘ఫలానాలో’ అని రావాల్సిన చోట ఊరి పేరు బదులు ఒక శాతం గుర్తు ఉంటుంది. దానికి ‘లో’ అతికిస్తే ఒక ఊరికి బాగుంటుంది, ఇంకో ఊరికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలాంటి చోట మామూలువాళ్లు వదిలేసి ముందుకు పోతారు. బావ అక్కడే మంచం వేసుకుంటాడు. విసుగొచ్చినా ఒప్పుకోక తప్పదు, ఆయన దిద్దిన వాక్యం చదివితే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడికీ ఈయనకూ పడకపోవడానికి కారణం ఒక టీషర్టు. డిజిటల్ ఓషన్ కంపెనీ ఏటా జరిపే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే దిద్దుబాట్లు, పంపిన మొదటి 70,000 మందికి టీషర్టు ఇస్తామన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైలులో ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అని రెండు మాటలు చేర్చి పంపేవాళ్ల వరద వచ్చింది. అందులో మన దేశపు కుర్రాళ్ల వాటా తక్కువేమీ కాదు. చెత్త ఏరలేక ప్రాజెక్టుల వాళ్లు మొత్తుకుంటే, కొద్దిరోజుల్లోనే నిబంధన మార్చి, తమంతట తాము చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకున్నారు. మేనల్లుడి దగ్గర టీషర్టు ఉంది. అది వేసుకుని వస్తే బావ గుమ్మంలోనే నిలదీస్తాడు. “నీది కామానే కద మామా” అంటాడు వాడు. నిజమే. బావ మొట్టమొదట పంపిన దిద్దుబాటు ఒక రీడ్‌మీలో ఒకే ఒక్క కామా. కానీ అది అక్కడ ఉండాల్సిన కామా అని ఆయన వాదన.

డొనాల్డ్ కనుత్ అనే కంప్యూటర్ పండితుడు తన పుస్తకంలో తప్పు పట్టినవారికి ఒకప్పుడు 2.56 డాలర్లు బహుమానం ఇచ్చేవాడని ఒక రాత్రి భోజనాల దగ్గర బావ చెప్పాడు.

“మీకెవ్వలేమిచ్చిన ఇయ్యకున్న, గవన్ని ఇన్నందుకు నాకియ్యాలె” అంది ఇల్లాలు.

మొన్న వేలువిడిచిన తమ్ముడొకాయన పెద్దకూతురి పెళ్లిపత్రిక అచ్చుకు పోకముందే బావకు వాట్సాప్‌లో పంపాడు. బంధువుల్లో ఇది కొత్త పరిణామం. బావ పదకొండు తప్పులకు నంబర్లు వేసి, ఒక్కోదానికి కారణం రాసి, ఏవి తక్షణం దిద్దాలో, ఏవి తర్వాత దిద్దినా ఫర్వాలేదో వేరుచేసి తిప్పి పంపాడు. అదంతా చదివేసరికి ప్రెస్సువాడు పత్రికలు కట్టలు కట్టి ఇంట్లో దింపిపోయాడు. తమ్ముడు ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పాడు.

“అన్నా, అన్నీ రాసుకున్న. చిన్నదాని పెండ్లికి వేస్త.”