బౌండ్ స్క్రిప్ట్ అడిగిన ఆర్కిటెక్టు

ముప్పై ఏళ్లుగా సినిమాలకి మాటలు రాస్తున్నాను. షూటింగ్ మొదలయ్యేలోపు బౌండ్ స్క్రిప్ట్ ఎవరి చేతిలోనూ పెట్టిన పాపాన పోలేదు. హీరోగారు మేకప్ వేసుకుంటూంటే పక్కన ముక్కాలిపీట మీద సీను పుడుతుంది. అలాంటి నాకు ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు కట్టే యోగం పట్టింది. ఓ ఆర్కిటెక్టు అమ్మాయి దగ్గరికెళ్లి, “ప్లాను గీసెయ్యమ్మా” అన్నాను.

“గీత తర్వాత సార్, ముందు వివరాలు” అని పదకొండు పేజీల ప్రశ్నపత్రం ఇచ్చింది.

ఎందుకమ్మా ఇంత అంటే, అమెరికాలో విలియం పేన్యా అనే ఆర్కిటెక్టు సహచరుడితో కలిసి 1969లోనే ‘ప్రాబ్లమ్ సీకింగ్’ అనే పుస్తకం రాశాడట. లక్ష్యాలు, వాస్తవాలు, ఆలోచనలు, అవసరాలు తేల్చుకుని, అప్పుడు సమస్యేమిటో రాసుకోవాలట. ఆ తర్వాతే పెన్సిలు. ఆ పుస్తకం మా నిర్మాతల కంట పడకూడదని పెద్దమ్మ తల్లికి మొక్కుకున్నాను.

ఇంట్లో స్టోరీ డిస్కషన్ పెట్టాం. మా ఆవిడ ఆవకాయ జాడీలకి చీకటి గది అడిగింది. రెండేళ్లకోసారి వచ్చే డాలస్ కొడుకు వీడియో కాల్‌లో హోమ్ థియేటర్ అడిగాడు. నేను గంభీరంగా ‘రచనా మందిరం, ఉత్తరం కిటికీ’ అని రాశాను.

“ఇప్పుడెక్కడ రాస్తారు సార్?”

“నా గదిలో...”

“అబద్ధం” అంది మా ఆవిడ. “వంటింట్లో, నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని. డైలాగు కుదరకపోతే నామీద అరుస్తూ.”

ఆర్కిటెక్టు అది రాసుకుని కింద రెండు గీతలు గీసింది. నేను చెప్పినవాటి కింద ఒక్కటీ గీయలేదు.

ఇక స్థలం. సర్వేవాళ్లు టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పెట్టి, రోడ్డు నుంచి వెనకాలకి పదకొండడుగుల పల్లం తేల్చారు. సాయిల్ టెస్టుకి బోరు వేస్తే రెండడుగుల్లోనే రాయి తగిలింది. పునాదికి అదృష్టం, ఇంకుడు గుంతకి శాపం. గుంతేమో నిబంధనల ప్రకారం తప్పదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 చూసి, నాలుగు వైపులా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు గీస్తే నా స్థలం తడిసిన చొక్కాలా కుంచించుకుపోయింది. అదే సినిమాలోనైతే ఇంటర్వెల్ బ్యాంగ్.

ఈశాన్యం మూలన రాతిగుండు ఒకటి, ఏనుగంత. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లట. 1976లో అక్కినేనిగారి అన్నపూర్ణ స్టూడియో వచ్చిన రోజు ఈ గుండుకి నిన్నటి మాట. ఇలాంటివే కేబీఆర్ పార్కులో జనం టికెట్టు కొని చూస్తారు. మా వాస్తు సిద్ధాంతి మాత్రం, “ఈశాన్యంలో బరువు పనికిరాదు, నైరుతికి జరిపించండి” అన్నాడు, సోఫా జరపమన్నట్టు.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి ఒకే పేజీ తెచ్చింది. మా భాషలో వన్‌లైన్ ఆర్డర్. ‘యజమాని వంటింట్లో రాస్తాడు. కొడుకు రాడు. రాయి కదలదు.’

ముప్పై ఏళ్లలో నేనింత పొదుపుగా ఒక్క సీనూ రాయలేదు.

“కింద సంతకం పెట్టండి సార్. ఇక మార్పులుండవు.”

పెన్ను తీశాను. మార్పులుండవు అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. మూత పెట్టేసి, “రేపు పొద్దున లొకేషన్‌లో ఇస్తానమ్మా” అన్నాను.